పాపాయమ్మ ఎంచుకున్న ప్రమిద

వరాలిచ్చే దేవతలకు ఒక అలవాటుంది. మూడు చూపిస్తారు, ఒక్కటే ఇస్తారు. మూడూ ఇచ్చేస్తే వాళ్ళ సొమ్మేం పోతుందో ఏ కథలోనూ ఎవరూ అడగలేదు. ఆశపోతు ఒకడు తప్పుడు వరం కోరుకోవాలి, వాడు చెడిపోవాలి, విన్నవాళ్ళు బుద్ధి తెచ్చుకోవాలి. ఇదీ వరస. విశాఖపట్నం జాలారిపేటలో చేపలమ్ముకునే పాపాయమ్మ మాత్రం తప్పుడు వరం కోరుకోలేదు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఆలోచించినా ఆవిడ కోరుకున్నదే కోరుకునేవారు. అయినా ఏమయిందో వినండి.

పాపాయమ్మ పొట్టి మనిషి. గొంతు మాత్రం ఇద్దరికి సరిపోతుంది. తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో ఉండేది. బోట్ల మీంచి దిగిన చేపలు వేలంలో పాడుకుని, కొన్ని అక్కడే గట్టు మీద అమ్మి, మిగిలినవి తట్టలో పెట్టుకుని కాలనీల్లోకి పోయేది. మేడ మీంచి బేరమాడే ఇల్లాళ్ళకు కింద నిలబడి మాటకు మాట అప్పగించేది. "సేపలు సచ్చిపోయున్నాయేటి అంటావేటమ్మా, బతికుంటే నీ ఇంటికొచ్చి డేన్సు సేత్తాయా?" అనేది. వాళ్ళు నవ్వుకుంటూ దిగివచ్చి కొనేవారు.

బోట్లు ఆలస్యమైన రోజుల్లో గట్టు మీద కాచుకు కూర్చున్న ఆడవాళ్ళకు కథలు కూడా చెప్పేది. అన్నీ వాళ్ళమ్మమ్మ దగ్గర విన్నవే. అందులో మాయవల కథంటే అందరికీ ఇష్టం. గంగమ్మ ఒకడికి ఎప్పుడూ ఖాళీగా పైకి రాని వల ఇచ్చింది. వాడు వేశాడు, లాగాడు, లాగుతూనే ఉన్నాడు. చేప తెగదు. వదిలేద్దామంటే ఆశ, లాగుదామంటే బలం చాలదు. చివరికి వలే వాణ్ణి లాక్కుపోయింది. పాపాయమ్మ కొంగు నడుముకు బిగించి, వల లాగుతున్నట్టు ఊగుతూ చెప్పేది. చివర్న చేతులు దులుపుకుని, "ఏటి అడగాలో తెలీనోడికి గంగమ్మ ఎదురైతే ఏటి, ఎదురవకపోతే ఏటి?" అనేది. తనకు తెలుసని ఆవిడ నమ్మకం. నిజమే, తెలుసు.

ఆవిడ పెనిమిటి ఎల్లారావు వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ మాత్రం వచ్చింది. ఒడిశా వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చిందని కబురొస్తే పేటవాళ్ళు వెళ్ళి తెచ్చారు. పడవకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. వల మడత పెట్టినది పెట్టినట్టే ఉంది. మనిషే లేడు. శవం దొరకనివాడికి దినం చెయ్యడానికి పాపాయమ్మ ఒప్పుకోలేదు. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ఎవరైనా కదిపితే "ఏటకెల్లాడు" అని ఊరుకునేది. అంతకుమించి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పేటలో ఒక కట్టుబాటుంది. వేటకు బయలుదేరినవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడొస్తావని అసలే అడగకూడదు. అడిగితే సముద్రం వింటుందట. ఎల్లారావు ఆఖరిసారి గడప దాటుతుంటే పాపాయమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు కొద్దీ మింగేసింది. కట్టుబాటూ తప్పలేదు, మనిషీ దక్కలేదు.

ఒక్కగానొక్క కొడుకు సింహాద్రి పెద్దవాడై మరబోటు మీద కళాసీగా వేటకు వెళ్ళడం మొదలుపెట్టాడు. వద్దనడానికి వేరే బతుకు లేదు. ధనశ్రీ అనే చక్కని పిల్లను చేసుకున్నాడు. వాళ్ళ పెళ్ళయిన ఏడే ఒకనాడు గాలి తిరగబడింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. వేటలో ఉన్న బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి హార్బర్‌లోకి దూరాయి. సింహాద్రి ఎక్కిన బోటు ఒక్కటే రాలేదు.

ఆ ఉదయం కూడా పాపాయమ్మ తట్ట ముందు పెట్టుకుని గట్టు మీదే కూర్చుంది. కడుపులో అగ్గి మండుతున్నా ఇంట్లో పొయ్యి మండాలి కదా. అప్పుడు ఒక ముసలమ్మ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. తడికోక, చేతుల మీద ఉప్పు చారలు. ఆ గట్టు మీద అంతకుముందు కనబడిన మనిషి కాదు.

"ఆకలేత్తంది పిల్లా. ఒక సేప ఎట్టు" అంది.

బోణీ కాకుండా ఊరికే ఇవ్వడం చేపలమ్మేవాళ్ళలో లేదు. బోణీకి ముందు చెయ్యి చాపినవాళ్ళను పాపాయమ్మ తిట్టే తిట్లకు కాకులు కూడా లేచిపోయేవి. ఆ రోజు ఆవిడకు బోణీ మీద ధ్యాస లేదు. తట్టలోంచి మంచి కానాగంత తీసి ముసలమ్మ చేతిలో పెట్టింది. "తీసుకో అప్పా. నా కొడుకు దరికి సేరాలని ఒక మాటనుకో, సాలు" అంది.

ముసలమ్మ చేపను కొంగున కట్టుకుని, పక్కనున్న బుట్ట మీద గుడ్డ తీసింది. లోపల ఒక వల, ఒక పొట్టి తెడ్డు, ఒక మట్టి ప్రమిద ఉన్నాయి.

"బోణీ సూసుకోకుండా నాకెట్టినావు. ఒకటి తీసుకో. ఈ వల ఎప్పుడేసినా కాలీగా లెగదు. ఈ తెడ్డున్న పడవ ఏ తుపానుకీ మునగదు. ఈ ప్రమిద ఎవుల పేరు సెప్పి సందేల ఎలిగిత్తావో ఆడు ఇల్లు సేరతాడు."

తను చెప్పే కథలోకి తనే వచ్చి పడిందని పాపాయమ్మకు అర్థమైంది. వల వంక చూడనైనా చూడలేదు. ఆ వల సంగతి ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తెడ్డు దగ్గర కాసేపు ఆగింది. మునగని పడవ. జాలరి ఇంట్లో పుట్టిన ఎవరైనా దానికే చెయ్యి చాపుతారు. కానీ ఎల్లారావు పడవ కళ్ళ ముందు మెదిలింది. అదీ మునగలేదు.

"పడవ నానేటి సేసుకుంతాను? పడవొచ్చింది, మనిసి రాలేదు. నాకు మనిసి కావాల" అని ప్రమిద తీసుకుంది.

"ఒక పేరే పిల్లా. రెండో పేరుకి ఎలగదు. రోజూ ఎట్టాల. ఒక్క సందె మానీసినావా, మరది ఉత్త మట్టి."

ఒక పేరే. పాపాయమ్మ నోట్లో అప్పటికే రెండు పేర్లున్నాయి. గట్టు మీద కూర్చుని, చేతిలో ప్రమిద పట్టుకుని, జీవితంలో ఎన్నడూ ఏడవనంత ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుంది. పోయినవాడు పోయాడో ఉన్నాడో తెలియదు. ఉన్నవాణ్ణి పోనివ్వకూడదు. ఇది కూడా బుద్ధిమంతులు చేసే పనే. ఒక్క సంగతి మాత్రం ఆవిడ అడగలేదు. ఇల్లు చేరతాడు సరే, ఎప్పుడు చేరతాడు, ఎన్నాళ్ళకోసారి చేరతాడు? ఎప్పుడొస్తాడని అడగడం ఆ నోటికి అలవాటు లేదు. తలెత్తేసరికి ముసలమ్మా లేదు, బుట్టా లేదు.

ఆ సాయంత్రం పాపాయమ్మ గూట్లో ప్రమిద పెట్టి, నూనె పోసి, సింహాద్రి పేరు చెప్పి వెలిగించింది. ఒత్తి కుదురుకునే లోపే గుమ్మంలో అలికిడయింది. ఒళ్ళంతా ఉప్పు పేరుకుని, పెదాలు పగిలి, సింహాద్రి నిలబడి ఉన్నాడు. ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతుంటే పోర్టుకొస్తున్న ఓడవాళ్ళు చూసి తాడేసి లాక్కొచ్చారట. ధనశ్రీ వాణ్ణి చూసి స్పృహ తప్పినంత పని చేసింది. పాపాయమ్మ కొడుకు ముఖమంతా తడిమి తడిమి చూసుకుంది. ఆవిడ బతుకులో అంత సంతోషం అంతకుముందు లేదు, తరవాతా లేదు.

ఇల్లలకగానే పండగైపోతుందా? గాలి తగ్గాక సింహాద్రి మళ్ళీ వేటకెళ్ళాడు. వారం పది రోజులు సముద్రం మీద ఉండాల్సిన బోటు. ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. బోటు కింది పంకాకు వల చుట్టుకుందన్నారు. పాపాయమ్మ దీపం వెలిగించేసరికి కొడుకు కాళ్ళు కడుక్కుంటున్నాడు. మరోసారి వెళితే డీజిల్ పైపు పగిలింది. ఇంకోసారి బోటు నడిపే సరంగుకు కడుపునొప్పి వచ్చి వెనక్కి తిప్పారు. ప్రతిసారీ పొద్దుగూకేసరికి సింహాద్రి ఇంట్లో ఉన్నాడు.

హార్బర్‌లో ఏదీ దాగదు. ముందు వేళాకోళంగా గూటికోడి అని పేరు పెట్టారు. కోడి కూడా సందెవేళకు గూడు చేరుతుంది కదా. తరవాత నవ్వడం మానేశారు. వాడు ఎక్కితే వేట సాగదని, వాడి పాదం మంచిది కాదని ఒక సరంగు అన్నాడు. ఆ మాట జెట్టీ ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. వాడు నడిచి వస్తుంటే బోట్ల మీద వాళ్ళు పక్కకు చూసేవారు. తెప్ప వేసుకుని ఒడ్డు వెంబడే వేటాడితే చారెడు నెత్తళ్ళు పడేవి. అవి కూర వండుకోవడానికే చాలవు.

మూడో బోటు తిరిగొచ్చిన నాడే పాపాయమ్మకు విషయం బోధపడింది. ప్రమిద ఇల్లు చేరుస్తానంది. చేరుస్తోంది, ప్రతి సందెకూ చేరుస్తోంది. రేపు వెలిగించడం మానేస్తానని ఆవిడ అనుకునేది. పొద్దువాలి, డాల్ఫిన్ నోస్ కొండ నల్లబడేసరికి, మడత విప్పని వలతో కొట్టుకొచ్చిన ఆ పడవ కళ్ళకు కట్టేది. ఒక్క సందె మానితే అది ఉత్త మట్టి. చేతులు వాటంతటవే ఒత్తి చేసేవి. కొడుక్కు చెబుదామంటే నోరు రాలేదు. మీ నాన్నను కాదని నీ పేరు చెప్పానని ఎలా చెబుతుంది? ముసలమ్మ కోసం హార్బర్ అంతా వెతికింది. బోణీకి ముందే మంచి చేప తీసి పక్కన పెట్టుకుని కూర్చునేది. పిల్లులు తినేవి.

సముద్రం కాకపోతే భూమి లేదా అని సింహాద్రి స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఉదయం షిఫ్టు ఉన్నన్నాళ్ళు బాగానే గడిచింది. షిఫ్టు మారి మధ్యాహ్నం వెళ్ళి రాత్రి దాకా ఉండాల్సి వచ్చింది. సందెపడేసరికి వాడికి కళ్ళు తిరిగాయి. పడిపోతాడని భయపడి తోటివాళ్ళే బస్సెక్కించారు. దారిలో కూర్మన్నపాలెం దాటేసరికి కళ్ళు తిరగడం పోయిందట. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వేషాలేస్తున్నాడని కాంట్రాక్టరు మాన్పించేశాడు. సింహాద్రికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ధనశ్రీ అప్పటికి బిడ్డతల్లి. మొదట్లో పేటలో ఆడవాళ్ళందరూ దాన్ని చూసి కుళ్ళుకునేవారు, మొగుడు రోజూ ఇంటి పట్టున ఉంటాడని. ఇంటి పట్టున ఉన్న మొగుడు కంచంలోకి రాడు కదా. అది అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. రోజూ తిరగలేక అక్కడే గది తీసుకుందామంది. సింహాద్రి సరేనన్నాడు. మూటాముల్లే సర్దుకుని, పాప దేవిశ్రీని ఎత్తుకుని ముగ్గురూ వెళ్ళారు. పాపాయమ్మ ఆ సాయంత్రం ప్రమిద ముందు కూర్చుని చాలాసేపు ఒత్తి వంక చూసింది. అచ్యుతాపురం సముద్రం కాదు. అక్కడికి వెళ్ళినవాడికి ఏమవుతుంది? మానేస్తే సరిపోతుంది. కానీ అక్కడ బతుకు కుదరక వాడు మళ్ళీ బోటెక్కితే? వెలిగించేసింది. రాత్రి అన్నాల వేళకు సింహాద్రి గుమ్మంలో ఉన్నాడు.

"ఏటోనమ్మా" అన్నాడు తల వంచుకుని. "పాపకి పాలపేకెట్టు తెద్దావని బయటికొచ్చినాను. బస్సెక్కీసినాను. కాళ్ళు లాక్కొచ్చీసినాయి."

ఆదివారం ధనశ్రీ వచ్చింది, మిగిలిన సామాను తీసుకెళ్ళడానికి. అరవలేదు, తిట్టలేదు. గడపలో నిలబడి అత్తతో ఒక్క మాట అంది. "మొగుడు ఇంటికి రాడని ఏడిసే ఆడోల్లని సూసినాను గానీ, రోజూ వత్తాడని ఏడిసేదాన్ని నానొక్కర్తినే అత్తా."

పాపాయమ్మ ఎవరి మాటకూ తగ్గిన మనిషి కాదు. ఆ రోజు వంగి కోడలి సామాను మూట కట్టి ఇచ్చింది. అప్పటి నుంచి గట్టు మీద కథలు చెప్పడం మానేసింది. ఎవరైనా మాయవల కథ చెప్పమంటే, "ఆడికి ఏటి అడగాలో తెలీదు. తెలిసినదాని గతేటో ఎవులు సెప్పాల?" అని లేచిపోయేది. సింహాద్రి పొద్దున లేచి హార్బర్ దాకా వెళ్ళేవాడు, ఐసు ముక్కలు మొయ్యడమో వల చిరుగులు కుట్టడమో ఏది దొరికితే అది చేసేవాడు. దొరకని రోజున జెట్టీ మీద కూర్చునేవాడు. మాట తగ్గిపోయింది. అద్దం ముందు నిలబడడం కూడా మానేశాడు.

ఈ ఏడు వేట నిషేధం ముగిసే ముందు గోపి ఇంటికొచ్చాడు. పాపాయమ్మ తమ్ముడి కొడుకు, సింహాద్రికి బావ వరస. సరంగై, కొత్తగా ఒక బోటు వాడి చేతికొచ్చింది.

"నా బోటెక్కు బావా" అన్నాడు. "ఎవుడేటన్నా నానూరుకోను. పదిహేను రోజుల ఏట. గంగమ్మకి పూజ సేయించి తోలుతన్నాను. నీ పాదం సంగతి నాను సూత్తాను."

సింహాద్రి ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగు కనబడింది. వంటింట్లోంచి పాపాయమ్మ అది చూసింది. వాడు కూడా నవ్వగలడని ఆవిడ మరిచిపోయింది. ఆ క్షణాన ఆవిడ నిశ్చయించుకుంది. సముద్రం తీసుకుంటే తీసుకోనీ, ఇలా గట్టు మీద కూర్చుని ఎండిపోవడం కంటే నయం. తల్లి అలా అనుకోగలదా అంటే, అనుకుంది. అనుకుని, పొయ్యి ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బయలుదేరే రోజు పొద్దున్నే కొడుక్కు తరవాణి అన్నం పెట్టింది, ఎండుచేప కాల్చి పెట్టింది. వాడు బట్టల సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. ఎప్పటిలాగే ఎక్కడికని అడగలేదు, ఎప్పుడొస్తావని అడగలేదు. వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఆ రోజు తట్ట ఎత్తలేదు.

పొద్దు వాలింది. పక్కిళ్ళలో దీపాలు వెలిగాయి. పాపాయమ్మ ప్రమిదలో ఉన్న నూనెను వంట గిన్నెలో ఒంపేసి, ఒత్తి తీసి పొయ్యిలో పడేసి, లైటు కూడా వెయ్యకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. గడప వంక చూస్తూ, బతుకంతా ఏ మొక్కు మొక్కిందో దానికి ఎదురు మొక్కు మొక్కింది. రాకూడదు తల్లీ గంగమ్మా, వాడు రాకూడదు. కొండ నల్లబడింది. ఎవరూ రాలేదు. ఇంకాస్త చీకటి పడింది. ఎవరూ రాలేదు. ఆవిడకు ఊపిరి తేలికైంది. ఈపాటికి బోటు ఎంత లోపలికి వెళ్ళిపోయి ఉంటుందో, వాడు వల సర్దుతూ ఉంటాడో, అన్నం తింటూ ఉంటాడో అనుకుంది. ముసలమ్మకు లోలోపలే దణ్ణం పెట్టింది.

గడప దగ్గర సంచి కింద పెట్టిన చప్పుడయింది.

"దీపం ఎట్టలేదేటమ్మా? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు సింహాద్రి.

పాపాయమ్మ గుమ్మంలోని నీడ వంక చూసింది. "బోటు తిరిగొచ్చీసిందా?" అని అడిగింది.

"లేదమ్మా, ఎల్లిపోనాది. నానే దిగిపోనాను." వాడి గొంతులో బాధ కూడా లేదు. "ఇంజను స్టార్టు సేసినాక ఆళ్ళ మొకాలు సూసినాను. రెండు నెలలబట్టి ఏట లేక మాడిపోయున్నారు. నానుంటే సాయంత్రానికి ఎనక్కొచ్చీడమే కదా, ఆళ్ళ పొట్టెందుకు కొట్టాలని దూకీసినాను. గోపి బావ తిట్టినాడు. పొద్దల్లా జెట్టీ కాడే కూకున్నాను. సూడు, బోటింకా తిరిగి రాలేదు. నాను లేకపోతే ఎంత బాగా ఎల్లిపోనాదో."

వాడు తడుముకుంటూ గూటి దగ్గరకు వెళ్ళాడు. గిన్నెలోంచి కాస్త నూనె ప్రమిదలో పోశాడు. కొంచెం దూది నలిపి ఒత్తి చేసి, అగ్గిపుల్ల గీసి వెలిగించాడు. ఉత్త మట్టి ప్రమిద, అన్ని ఇళ్ళలో వెలిగేలాంటి దీపం. ఆ వెలుగులో వాడి ముఖం వాళ్ళ నాన్న ముఖంలాగే ఉంది. తల్లి పక్కన వచ్చి కూర్చుని, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకున్నాడు.

"అన్నం ఉందేటమ్మా?"

ఉందని తలూపింది. లేవబోయి, మళ్ళీ కూర్చుని, వాడి మోకాలి మీద చెయ్యి వేసింది. పుట్టి బుద్ధెరిగాక గడప దాటే మగవాణ్ణి ఏనాడూ ఏమీ అడగని పాపాయమ్మ ఆ రాత్రి అడిగింది. "మళ్ళీ ఎప్పుడెల్తావురా నాయినా?"

సింహాద్రి ఆ ప్రశ్న అర్థం కానట్టు తల్లి వంక చూశాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు.